సారపాక అట్ట, సుమత్రా అట్ట: రెండు దేశాల ఎగుమతుల్లో కూలివాడి లెక్క

ఇండోనేషియా ఎక్కడ, బూర్గంపాడు ఎక్కడ? సముద్రాల అవతలి దేశం నుంచి ఓడల్లో ఎంత కాగితం దిగితే మనకేమి, మన రేవుల నుంచి ఎంత పోతే మనకేమి అని ఊరుకునే రోజులు ఎప్పుడో పోయాయి. దమ్మపేటలో, ములకలపల్లిలో, అశ్వాపురంలో జామాయిల్ కొట్టే ముఠాకు టన్నుకు ఇంత అని మేస్త్రీ చెప్పే రేటు వెనక రైతు చేతికొచ్చే ధర ఉంది. ఆ ధర వెనక మిల్లు గేటు దగ్గర కాటా ఉంది. ఆ కాటా వెనక ప్రపంచ మార్కెట్టు ఉంది. ఆ మార్కెట్టులో మన దేశానికి ఎదురుగా నిలబడి ఉన్న దేశాల్లో ముఖ్యమైనది ఇండోనేషియా.

కాబట్టి ఈ రెండు దేశాలూ కాగితం, అట్టల వ్యాపారంలో ఎక్కడ మొదలై ఎక్కడికి వచ్చాయో చూద్దాం. కంపెనీల వారు తమ నివేదికల్లో టన్నులూ, డాలర్లూ మాత్రమే లెక్క కడతారు. మనం ఇంకో లెక్క కూడా కట్టాలి. ఆ కర్ర ఎవరి భూమిలో పెరిగింది? ఎవరు నరికారు? నష్టం వచ్చినప్పుడు ఎవరి నెత్తిన పడింది?

ఇద్దరూ కొనుక్కునేవారే

యాభై ఏళ్ల కిందట రెండు దేశాల పరిస్థితీ ఇంచుమించు ఒకటే. డచ్చి దొరల కాలంలో ఇండోనేషియాలో జావా దీవిలో పాడలరాంగ్, లెచెస్ అనే చోట్ల చిన్న మిల్లులు పెట్టారు. మన వైపు 1924లో రాజమండ్రిలో మిల్లు పుట్టింది. నిజాం ఏలుబడిలో ఆదిలాబాద్ అడవుల వెదురును నమ్ముకుని సిర్పూర్ మిల్లు వచ్చింది. దాని పేరుతోనే కొత్తపేట అనే ఊరు కాగజ్‌నగర్ అయింది. 1970 దశకంలో మంచి కాగితం కావాలంటే రెండు దేశాలూ బయట కొనుక్కోవలసిందే.

మన గోదావరి ఒడ్డున సారపాకలో 1975లో భద్రాచలం పేపర్ బోర్డ్స్ కంపెనీ ఏర్పడింది. 1979లో ఉత్పత్తి మొదలైంది. 2002లో అది పూర్తిగా ఐ.టి.సి.లో కలిసిపోయింది. సిగరెట్టు పెట్టెకు, మందుల డబ్బాకు, సబ్బు పెట్టెకు కావలసిన అట్ట దేశంలో పెద్ద ఎత్తున తయారయ్యే చోటు ఇవాళ అదే. దాని పక్కనే ఏటూరునాగారం అడవి దాపున కమలాపురంలో రేయాన్ గుజ్జు ఫాక్టరీ వచ్చింది. ఈ మిల్లులన్నీ మొదట కన్నేసింది అడవి వెదురు మీద.

ఆ వెదురును ఎంతకు ఇచ్చారు? కర్ణాటకలో దాండేలి దగ్గర పెట్టిన వెస్ట్ కోస్ట్ మిల్లుకు 1958లో టన్ను వెదురు రూపాయిన్నరకు ఇచ్చారు. చదివింది పొరపాటు కాదు, టన్నుకు రూపాయిన్నర! బుట్టలూ, తట్టలూ అల్లుకుని బతికే మేదరి మాత్రం బొంగు బొంగుకూ బజారు ధర పెట్టి కొనుక్కోవలసి వచ్చింది. అడవిలో పుట్టిన కోయవాడు ఇంటి దడికి నాలుగు బొంగులు కొట్టుకుంటే కేసు. ఆ వెస్ట్ కోస్ట్ కంపెనీయే 2019లో మన రాజమండ్రి మిల్లును అమెరికా కంపెనీ నుంచి కొనుక్కుంది.

ఇండోనేషియా దొంగది, మనం దొరలం అనే భ్రమ ఎవరికీ ఉండకూడదనే ఈ ముచ్చట చెప్పవలసి వచ్చింది. చవక అడవి మీద మిల్లును నిలబెట్టే పద్ధతి మొదట రెండు చోట్లా ఒకటే.

దారులు ఎక్కడ చీలాయి?

1988 సంవత్సరాన్ని గుర్తు పెట్టుకోండి. రెండు దేశాల కథలోనూ అది మలుపు.

ఆ ఏడు మన దేశంలో కొత్త జాతీయ అటవీ విధానం ప్రకటించారు. అడవి సరుకును పరిశ్రమలకు రాయితీ ధరలకు ఇచ్చే పద్ధతి పోవాలి, మిల్లులు తమకు కావలసిన కర్రను రైతులతో నేరుగా ఏర్పాటు చేసుకుని పెంచుకోవాలి అని అందులో రాశారు. కంపెనీల వారు ఊరుకోలేదు. క్షీణించిన అడవి భూములను మాకు లీజుకివ్వండి, మేమే తోటలు వేసుకుంటాం అని 1990 దశకం పొడుగునా ఢిల్లీ చుట్టూ తిరిగారు. అది కుదరలేదు. దాంతో నర్సరీలు పెట్టి, ఎంపిక చేసిన జామాయిల్ మొక్కలను రైతుకు అమ్మే దారి పట్టారు. సుబాబుల్, సరుగుడు కూడా అట్లాగే చేలల్లోకి వచ్చాయి.

అదే 1988లో ఇండోనేషియా గుజ్జు మిల్లుల శక్తి ఏటా 6 లక్షల టన్నులు మాత్రమే. పదకొండేళ్లు తిరిగేసరికి, 1999 నాటికి అది 49 లక్షల టన్నులు! కాగితం తయారీ శక్తి 12 లక్షల టన్నుల నుంచి 83 లక్షల టన్నులకు పెరిగింది. కొనుక్కునే దేశం పదేళ్లలో అమ్ముకునే దేశమైంది. సుమత్రా దీవిలో రియావు ప్రాంతంలో ఏషియా పల్ప్ అండ్ పేపర్, ఏప్రిల్ అనే రెండు గుత్త సంస్థలు ప్రపంచంలోనే పెద్ద మిల్లులను లేపాయి.

ఇంత దూకుడు వారికి ఎట్లా సాధ్యమైంది? మనకు ఎందుకు కాలేదు? ఇంజనీర్లు గొప్పవారై కాదు. దీనికి జవాబు కాగితంలో లేదు, భూమిలో ఉంది.

రైతు సంఘాన్ని చంపి అడవిని పంచారు

1965 దాకా ఇండోనేషియాలో బారిసన్ తానీ అనే రైతు సంఘం ఉండేది. లక్షల సభ్యత్వం. భూసంస్కరణ చట్టం అమలు చేయమని ఊరూరా కదిలిన సంఘం అది. 1965-66లో సైన్యం సాగించిన నరమేధంలో 5 లక్షల మందికి తక్కువ కాకుండా చనిపోయారని చరిత్రకారులు రాశారు. వారిలో ఆ సంఘం కార్యకర్తలు వేలాదిగా ఉన్నారు. సుహార్తో గద్దెనెక్కాడు. 1967లో అటవీ చట్టం తెచ్చి దేశంలో ఉన్న అడవినంతా సర్కారు ఆస్తి కింద లెక్కవేశాడు. తరతరాలుగా అందులో ఉన్న జనానికి అడ్డుపెట్టే సంఘం లేదు. ఆపైన కంపెనీలకు లక్షల హెక్టార్ల పట్టాలు రాసిచ్చారు. 1990లో పారిశ్రామిక తోటల నిబంధనలు వచ్చాయి. అడవిని తిరిగి పెంచటానికని వసూలు చేసిన నిధి నుంచి ఆ తోటలకు సొమ్ము ముట్టింది.

అంటే అక్కడి మిల్లు వాడే కర్రలో ఎక్కువ భాగం మొదట్లో తోటలో పెంచింది కూడా కాదు. నిలువునా ఉన్న సహజ అడవిని నరికి గుజ్జు చేశారు. ఆ ఖాళీ అయిన నేలలో అకేషియా, జామాయిల్ వేశారు. సుమత్రాలో టోబా సరస్సు దగ్గర బటక్ జనం సాంబ్రాణి చెట్ల మీద బతికేవారు. 1980 దశకం చివర అక్కడ గుజ్జు మిల్లు కోసం వారి ఉమ్మడి భూమిలో జామాయిల్ నాటితే సుగపా అనే ఊరి ఆడవాళ్లు ఆ మొక్కలను పీకేశారు. వారి మీద కేసులు పెట్టారు. సుహార్తో పడిపోయాక 1999లో జనాందోళనకు ఆ మిల్లు కొన్నాళ్లు మూతపడింది. పేరు మార్చుకుని 2003లో మళ్లీ తెరిచింది.

మన దగ్గర కూడా అడవిని గుంజుకోవాలని చూడకపోలేదు. కాని ఇక్కడ జనం ఖాళీగా కూర్చోలేదు. ఏజెన్సీలో గిరిజనేతరుల చేతికి భూమి పోకుండా 1/70 చట్టం ఉంది. పోడు కోసం, వెదురు కూలి కోసం, తునికాకు రేటు కోసం నాలుగు దశాబ్దాలకు పైగా ఉద్యమాలు నడిచాయి. 1996లో పెసా చట్టం, 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చాయి. అడవి తరిగిపోవటం ఒక కారణమైతే, అడవి జనం లొంగకపోవటం ఇంకో కారణం. మిల్లులు రైతు గుమ్మం తొక్కింది అందుకే గాని, రైతు మీద ప్రేమ పుట్టి కాదు.

అప్పుల మీద ఎగుమతులు

ఇండోనేషియా ఎగుమతుల వెలుగు వెనక ఇంకో చీకటి కూడా ఉంది. ఆ మిల్లులన్నీ అప్పుల మీద లేచినవి. 2001లో ఏషియా పల్ప్ అండ్ పేపర్ కంపెనీ సుమారు 1,400 కోట్ల డాలర్ల బాకీ కట్టలేనని చేతులెత్తేసింది. అప్పట్లో ఆసియాలోని పెద్ద ఎగవేతల్లో అదొకటి. మన ఊళ్లో పదివేల బాకీకి గడప పీకి తీసుకుపోతారు. అక్కడ మిల్లుకు తాళం పడలేదు. పైగా బాకీ తీర్చాలంటే ఇంకా ఎక్కువ అమ్మాలి, ఇంకా ఎక్కువ నరకాలి అన్నారు.

నరికిన చిత్తడి నేలల్లో కాలువలు తవ్వి నీరు తీసేస్తే, ఎండిన ఆ నేల బొగ్గు లాగా అంటుకుంటుంది. 2015 మంటల్లో ఆ దేశంలో 26 లక్షల హెక్టార్లు కాలిపోయాయి. 1,600 కోట్ల డాలర్ల నష్టమని ప్రపంచ బ్యాంకు లెక్క కట్టింది. పామాయిల్ తోటలతో పాటు కాగితపు తోటలకూ ఈ పాపంలో వాటా ఉంది. ఆ నష్టం కాగితం ధరలో కలవలేదు. పొగ పీల్చిన జనం దాన్ని కట్టారు.

అడవిని చవకగా ఇవ్వటం రాయితీ కిందికే వస్తుందా రాదా అన్న తగవు అంతర్జాతీయ కోర్టుల దాకా పోయింది. ఇండోనేషియా కాగితం మీద అమెరికా 2010లో అదనపు సుంకాలు వేసింది. నిలిచి ఉన్న చెట్టును సర్కారు తక్కువ ధరకు ఇస్తున్నదన్నది అందులో ఒక కారణం. ఇండోనేషియా ప్రపంచ వాణిజ్య సంస్థలో ఫిర్యాదు చేస్తే 2017 డిసెంబరులో అక్కడి కమిటీ ఆ వాదాన్ని తోసిపుచ్చింది. అమెరికా తన మిల్లుల కోసమే ఆ పని చేసింది గాని బటక్ ఆడవాళ్ల కోసం కాదు. అయినా చెట్టు చవక కాబట్టి కాగితం చవక అన్న సంగతి దాంతో రికార్డు కెక్కింది.

ఒక తలుపు మూస్తే సరుకు ఇంకో తలుపు వెతుక్కుంటుంది. ఆ తెరిచిన తలుపు మనది.

మన ఎగుమతుల ఊపు ఎక్కడిది?

ఆసియాన్ దేశాలతో మన దేశం చేసుకున్న స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం 2010 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. మామూలుగా కాగితం దిగుమతి మీద 10 శాతం సుంకం. ఈ ఒప్పందం ప్రకారం ఆసియాన్ దేశాల కాగితం మీద అది మెట్టు మెట్టుగా దిగి 2014 జనవరికి సున్నా అయింది. అదే 2014లో సిర్పూర్ మిల్లు ఆగిపోయింది, కమలాపురం ఫాక్టరీ ఆగిపోయింది. ఒప్పందమే వాటిని చంపిందని చెప్పటం సరి కాదు. యాజమాన్యాల నిర్వాకం, అప్పులు, పాత యంత్రాలు అన్నీ ఉన్నాయి. కాని పడిపోతున్న వాణ్ణి నిలబెట్టవలసిన సమయంలో సర్కారు తలుపులు బార్లా తీసిందన్నది వాస్తవం. సిర్పూర్ 2018లో జె.కె. పేపర్ చేతుల్లోకి వెళ్లి మళ్లీ తిరిగింది. కమలాపురం కార్మికులకు ఆ అదృష్టం కూడా దక్కలేదు. కంపెనీ దివాలా కోర్టుకు పోయింది.

ఇంతలో వింత జరిగింది. మన ఎగుమతులు ఎగిసిపడ్డాయి. 2016-17లో ఆరున్నర లక్షల టన్నుల చుట్టూ ఉన్న కాగితం, అట్టల ఎగుమతి 2021-22లో 28 లక్షల టన్నులు దాటింది. ఆ ఒక్క ఏడాదిలోనే విలువ 80 శాతం దాకా పెరిగి 13,963 కోట్ల రూపాయలకు చేరింది. పత్రికలు పొగిడాయి, మంత్రులు మురిశారు.

కారణం చూస్తే మురిసిపోవటానికి అంత లేదు. చైనా 2021 నుంచి విదేశాల చెత్త కాగితాన్ని తన దేశంలోకి రానివ్వటం మానేసింది. దాంతో వారి డబ్బా మిల్లులకు సరుకు కరువై మన దేశం నుంచి గోధుమ రంగు క్రాఫ్ట్ కాగితం చుట్టలు తెప్పించుకున్నారు. మన మిల్లులు వాడే ముడి సరుకులో నూటికి డెబ్బై పాళ్లు పాత కాగితమే. కర్ర వాటా నాలుగో వంతు లోపే. అంటే ఆ ఎగుమతి వెలుగులో పెద్ద భాగం చెత్త ఏరేవాడి చేతుల మీదుగా, విదేశీ పాత కాగితం మీదుగా నడిచింది. చైనా తన ఏర్పాటు తాను చేసుకోగానే ఊపు తగ్గింది. 2023-24లో మన దిగుమతులు 34 శాతం పెరిగి 19 లక్షల టన్నులకు, ఆ మరుసటి ఏడు 20 లక్షల టన్నులకు పైకి పోయాయి. ఇండోనేషియా అట్ట, చైనా అట్ట బజారు నింపాయి.

ఇదీ తేడా. ఇండోనేషియా కాగితంతో పాటు గుజ్జు కూడా అమ్ముతుంది. ఒక్క కాగితం, అట్టల మీదే దానికి ఏటా 400 కోట్ల డాలర్లు, ఆ పైన వస్తుంది. మన ఎగుమతి బాగా ఎగిసిన ఏడాది కూడా అందులో సగం చుట్టూనే. వారి ఎగుమతి అడవి భూమి మీద కట్టిన కోట. మనది గాలివాటు పడవ. వారిలాగా మనం కూడా కోట కట్టాలి అనేవారు, దానికి పునాది ఎవరి భూమిలో వేస్తారో కూడా చెప్పాలి.

ఎకరం జామాయిల్ లెక్క

ఇప్పుడు మన చేలోకి వద్దాం. టన్ను రసాయన గుజ్జు కావాలంటే సుమారు నాలుగు టన్నుల కర్ర కావాలి. కర్ర ధర టన్నుకు వెయ్యి రూపాయలు దిగితే మిల్లుకు టన్ను గుజ్జు మీద నాలుగు వేలు మిగులు. వెయ్యి పెరిగితే నాలుగు వేలు బరువు. బయట నుంచి చవక అట్ట దిగినప్పుడు మిల్లు మొదట ఎవరిని నొక్కుతుందో దీంతోనే తెలుస్తుంది. బొగ్గు ధర దాని చేతిలో లేదు, రసాయనాల ధర దాని చేతిలో లేదు. చెదిరి ఉన్న రైతు మాత్రం చేతిలోనే ఉన్నాడు.

సుబాబుల్ రైతుల అనుభవమే సాక్ష్యం. కృష్ణా, గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మార్కెట్ కమిటీల ద్వారా టన్నుకు నాలుగు వేల పైచిలుకు ధర అని ఒప్పందం రాసుకున్నారు. కొన్నేళ్లకు చేను దగ్గర రెండు వేలకూ, అంతకు దిగువకూ అమ్ముకున్నారు. విసిగి తోటలు పీకేశారు. తోటలు తగ్గి, కరోనా కాలంలో కొత్త నాట్లు పడక, నాలుగేళ్లు తిరిగేసరికి కర్ర కరువైంది. అప్పుడు ధర లేచింది. కర్ర ధర మండిపోతున్నదని కంపెనీలు తమ వాటాదారులకు మొర పెట్టుకున్నాయి. రైతుకు నష్టం వచ్చిన ఏళ్లలో ఆ మొర ఎవరూ రాయలేదు.

ఒక ఎకరంలో నాలుగేళ్లకు 30 టన్నులు వచ్చిందనుకుందాం. టన్ను నాలుగు వేలైతే లక్షా ఇరవై వేలు. రెండు వేలైతే అరవై వేలు. అంటే ధర పడితే రైతుకు పోయేది ఎకరానికి అరవై వేలు. ఇప్పుడు కొట్టుడు, తొక్క తీత, లోడింగు కూలీలు టన్నుకు 50 రూపాయలు ఎక్కువ అడిగారనుకుందాం. ఎకరానికి పడే భారం 1,500 రూపాయలు. అరవై వేలు మింగిన వాడిని వదిలేసి పదిహేను వందలు అడిగిన వాడితో పోట్లాడటం రైతుకు మేలా? కూలివాడికి మేలా? ఇద్దరి తగవు చూసి నవ్వుకునేవాడు కాటా దగ్గర ఉన్నాడు. తేమ పేరు చెప్పి, లావు సన్నం పేరు చెప్పి తరుగు తీసే దళారీ మధ్యలో ఉన్నాడు.

చిన్న రైతుతో కలిసి నిలబడాలంటే కూలి సంగతి పక్కన పెట్టాలని కొందరు పెద్దలు సలహా చెబుతారు. మన లెక్క ఆ మాట తప్పని చూపిస్తుంది. రైతు ధరలో కూలి రేటు ముందే రాసుకుని ఇద్దరూ కలిసి మిల్లును అడిగితేనే ఆ స్నేహం నిలుస్తుంది.

పని దినాలు ఎక్కడికి పోయాయి?

ఇంకో సంగతి వ్యవసాయ కార్మికులే చెప్పాలి, ఇంకెవరూ చెప్పరు. పత్తి చేను, మిరప చేను అంటే నాటు నుంచి ఏరుడు దాకా ఆడవాళ్లకు పని. జామాయిల్ వేశాక మొదటి ఏడు కలుపు, తర్వాత మూడేళ్లు నిశ్శబ్దం, చివర నాలుగు రోజుల నరుకుడు. ఆ నరుకుడు కూడా బయటి ముఠా వచ్చి మిషను రంపంతో చేసుకుపోతుంది. ఊళ్లో ఉండని ఆసామికి ఈ పంట వరం. కాపలా అక్కర్లేదు, కౌలుదారు అక్కర్లేదు. కౌలుకిచ్చిన భూమి వెనక్కు తీసుకుని జామాయిల్ పెట్టిన ఆసాములు మన మండలాల్లో తక్కువ మందేమీ లేరు. ఇప్పుడు పామాయిల్ కూడా అదే దారిలో వస్తున్నది.

ఎగుమతి పెరిగితే ఉపాధి పెరుగుతుంది అని చెప్పేవారు ఉపాధి మిల్లులో లెక్కపెడతారు. చేలో పోయిన పనిని లెక్కపెట్టరు. రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి.

అడవి అంచున ఉన్న గిరిజన రైతు సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. 2023 జూన్ 30న మొదలుపెట్టి తెలంగాణలో లక్షా యాభై వేల కుటుంబాలకు 4 లక్షల ఎకరాల పోడు పట్టాలు ఇచ్చారు. చట్టం ప్రకారం ఆ భూమి అమ్మకానికి పనికిరాదు. కాని అమ్మకుండానే చేయి జారే దారులు ఉన్నాయి. మొక్కలు నేనిస్తాను, పెట్టుబడి నేను పెడతాను, కర్ర నాకు ఇవ్వు అని వచ్చే షావుకారు నాలుగేళ్లు భూమిని తన గుప్పిట్లో పెట్టుకుంటాడు. ఆ నాలుగేళ్లు ఆ ఇంట్లో తిండి గింజ ఎక్కడిది? జొన్న, వరి, కంది వేసుకునే నేలలో తినటానికి పనికిరాని కర్ర నిండితే కొనుక్కునే బియ్యానికి అప్పు తప్పదు. పట్టా కాగితం చేతిలో ఉంటుంది, చేను షావుకారు చేతిలో ఉంటుంది.

వెదురు మీద హక్కు సంగతి కూడా మరువరాదు. 2006 చట్టం వెదురును చిన్న తరహా అటవీ ఫలసాయంలో చేర్చింది. మహారాష్ట్ర గడ్చిరోలిలో మెండా లేఖ అనే గోండు గ్రామం పట్టుబట్టి 2011 ఏప్రిల్‌లో వెదురు రవాణా పాసు పుస్తకం గ్రామసభ చేతికి తీసుకుంది. గోదావరికి ఈవల ఉన్న కోయ గూడేలకు, కొండరెడ్ల ఊళ్లకు ఆ హక్కు చట్టంలో అంతే ఉంది.

మిల్లుకు కనీస ధర, రైతుకు ఏదీ?

2025 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం ఒక ఉత్తర్వు తీసింది. కొత్త గుజ్జుతో చేసిన పొరల అట్ట టన్ను 67,220 రూపాయలకు తక్కువ ధరకు దేశంలోకి రాకూడదని, 2026 మార్చి 31 దాకా ఇది అమలు అని అందులో ఉంది. చవక దిగుమతుల దెబ్బకు దేశీ మిల్లులు నష్టపోతున్నాయని, లక్షలాది రైతులు వాటి మీద ఆధారపడ్డారని కంపెనీలు చెప్పుకున్నాయి. మన పేరు చెప్పి అడిగారు, తమకు తెచ్చుకున్నారు.

దీన్ని మనం వ్యతిరేకించనక్కర్లేదు. సుమత్రా అడవిని నరికి, అక్కడి పేదల పొట్ట కొట్టి చవకగా చేసిన అట్ట ఇక్కడి పేదల పొట్ట కూడా కొట్టకూడదు. సుంకం సున్నా చేసిన ఒప్పందాన్ని తిరగదోడాలని అడగటం న్యాయమే. కాని ఒక్క ప్రశ్న. టన్ను అట్టకు కనీస ధర కట్టగలిగిన సర్కారు, ఆ అట్టకు ప్రాణమైన టన్ను కర్రకు కనీస ధర ఎందుకు కట్టలేదు? ఆ కర్రను నరికి మోసిన కూలికి టన్ను రేటు ఎందుకు రాయలేదు? రక్షణ గోడ మిల్లు చుట్టూ కట్టి, చేనును బయట వదిలేస్తే దాన్ని రైతు రక్షణ అనటం ఎట్లా?

రెండు దేశాల యాభై ఏళ్ల కథ చెప్పేది ఇదే. ఇండోనేషియాలో రైతు సంఘాన్ని మట్టుబెట్టారు కాబట్టి అడవి మొత్తం కంపెనీకి పోయింది. ఇక్కడ జనం ఎదురు నిలిచారు కాబట్టి భూమి మన చేతిలో మిగిలింది. కాని ధర చెప్పే అధికారం మాత్రం మిల్లు చేతిలోకి పోయింది. భూమి రైతుదే, నాలుగేళ్ల ఎదురుచూపు రైతుదే, పురుగు వచ్చినా గాలివాన వచ్చినా నష్టం రైతుదే, భుజం పుండు కూలివాడిదే. ఎగుమతి వచ్చినప్పుడు లాభం మటుకు గేటు లోపలే ఆగిపోయింది.

కనుక మన సంఘాలు ఊరూరా పెట్టవలసిన కోర్కెలు ఇవి.

జామాయిల్, సుబాబుల్, సరుగుడు కర్రకు ప్రభుత్వం కనీస ధర ప్రకటించాలి. అట్ట ధర, గుజ్జు ధర పెరిగిన కొద్దీ అది పెరగాలి. కొనుగోలు మార్కెట్ కమిటీ కాటా మీద జరగాలి.

కొట్టుడు, తొక్క తీత, లోడింగు పనులకు టన్ను రేటు రాతపూర్వకంగా ఉండాలి. ఆడ మగ రేటు ఒకటే కావాలి. రంపం తగిలినా, లారీ మీద నుంచి జారిపడినా నష్టపరిహారం మేస్త్రీ జేబు నుంచి కాక కర్ర కొన్నవారి నుంచి రావాలి.

కౌలుదారును తీసేసి జామాయిల్ పెట్టే పద్ధతిని అడ్డుకోవాలి. పోడు పట్టా భూముల్లో షావుకారుల నోటి ఒప్పందాలు చెల్లవని గ్రామసభలు తీర్మానం చేయాలి.

వెదురు రవాణా పాసు పుస్తకాలు గ్రామసభల చేతికి రావాలి.

అట్టకు రక్షణ కోరే ప్రతి కంపెనీ, ఆ రక్షణ ఉన్నన్నాళ్లు కర్ర ధర తగ్గించబోనని రాసివ్వాలి.

ఇవేవీ గొంతెమ్మ కోర్కెలు కావు. 67,220 అనే అంకె ఒక్క ఉత్తర్వుతో వచ్చింది. అడిగినవారికి బలం ఉంది కాబట్టి వచ్చింది. రాబోయే నరుకుడు కాలానికి ముందే రైతు, కౌలుదారు, ముఠా కూలీ ఒక్కచోట కూర్చుని తమ అంకె రాసుకుని, ఆ కాగితం పట్టుకుని కదలాలి.